2025–26 వార్షిక నివేదిక: కార్యదర్శి మాట

మెల్‌బోర్న్‌లోని మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

పిల్లల తెలుగు బడి, దీపావళి విందు, సంక్రాంతి ముగ్గులు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా ఇస్తారు. నేను రాయాల్సింది ఎక్కువగా ఆగస్టు 31 గురించి.

నిరుడు వినాయక చవితి 27న, బుధవారం వచ్చింది. వారం మధ్యలో హాలు దొరక్క సామూహిక పూజ ఆదివారానికి పెట్టుకున్నాం. సరిగ్గా ఆ రోజే మెల్‌బోర్న్‌తో పాటు ఆస్ట్రేలియా నగరాల్లో వలసలకు వ్యతిరేకంగా ర్యాలీలు జరిగాయి. వందేళ్ళలో వచ్చిన గ్రీకులు, ఇటాలియన్ల కన్నా ఐదేళ్ళలో వచ్చిన భారతీయులే ఎక్కువని ప్రచార కరపత్రంలో వేశారు. పూజ మానేద్దామా అని శనివారం రాత్రి దాకా ఫోన్లే ఫోన్లు. మానలేదు. కానీ తిరిగి ట్రైన్‌లో వెళ్ళాల్సిన ఇద్దరు ఆడవాళ్ళు చెప్పులు వేసుకుంటూనే బొట్టుబిళ్ళ తీసి ఫోన్ కవర్ వెనక అంటించుకున్నారు. పక్కనే ప్రసాదం పొట్లాలు కడుతున్న పెద్దావిడ చూసి, ఏమీ అనలేదు. 2009లో మన విద్యార్థుల మీద దాడులు జరిగినప్పుడు ఆవిడ ఇక్కడే ఉన్నారు. రాత్రిపూట ట్రైన్‌లో ఫోనెత్తి తెలుగులో మాట్లాడాలంటే జంకేవాళ్ళమని తర్వాత చెప్పారు.

అక్టోబరులో ఒక లాయర్ గారిని పిలిపించాం. 1975 నాటి జాతి వివక్ష చట్టం, ద్వేషం రెచ్చగొట్టడం మీద మన విక్టోరియా రాష్ట్రంలో సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన కొత్త నేర నిబంధనలు వివరించారు. వచ్చింది పంతొమ్మిది మంది. (భోజనం లేని మీటింగ్ కదా.) మనవాళ్ళకి ఇల్లు అద్దెకివ్వని ఏజెంట్ల గురించి అరగంట చెప్పుకున్నాక ఒక సభ్యుడు లేచి, "మా ఇల్లు ఖాళీ అవుతోంది. ఆఫ్రికా వాళ్ళు అడిగితే ఏం చెప్పి తప్పించుకోవాలి?" అన్నారు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ కాదనలేదు కూడా. జాతి చూసి ఇల్లు ఇవ్వకపోవడం 2010 సమాన అవకాశాల చట్టం ప్రకారం చెల్లదని లాయర్ గారు నెమ్మదిగా చెప్పారు. గది కోసం వచ్చిన కుర్రాణ్ణి ముందు ఇంటిపేరు అడగడం గురించి మాత్రం ఆ రోజు మనం ఎత్తలేదు. ఎత్తాల్సింది.

ఉగాది వేడుక మార్చి 21న, ఇక్కడ అన్ని జాతుల సామరస్యం కోసం జరుపుకునే హార్మనీ డే రోజున, చుట్టుపక్కల వాళ్ళందరినీ పిలిచి చేశాం. నారింజ రంగు బట్టలు, కూచిపూడి, పులిహోర అన్నీ బాగా కుదిరాయి. 1960లో అదే తేదీన దక్షిణాఫ్రికాలోని షార్ప్‌విల్‌లో వర్ణవివక్షకు వ్యతిరేకంగా నిరసన చేస్తున్నవాళ్ళ మీద పోలీసు కాల్పుల్లో 69 మంది చనిపోయారని స్టేజీ మీద చెబితే, పండగ పూట అదెందుకని కొందరు నొచ్చుకున్నారు. వచ్చే ఏడాదీ చెబుతాను.

"ఫలానా వాళ్ళకి మాత్రమే" అని ఉన్న అద్దె ప్రకటనలు మన వాట్సాప్ గ్రూపులో తీసేయాలని కార్యవర్గం 5–4తో నిర్ణయించింది. ముగ్గురు గ్రూపు వదిలేశారు. దీని మీద సర్వసభ్య సమావేశంలో ఓటింగ్ ఉంటుంది. ఈ ఏటి చందా కట్టినవాళ్ళకే ఓటు.

ఇట్లు,
కార్యదర్శి