ఆరోగ్యానికి కేటాయించిన ఆ గంటను పిల్లలకు ఇవ్వండి

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

నమస్కారం. నేను ప్రకాశం జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పంతొమ్మిదేళ్లుగా జీవశాస్త్రం బోధిస్తున్నాను. కిందటి ఏడాది ఒక ఉదయం మా బడి ఆయమ్మ చేటలో ఎండాకులు ఎత్తుకొచ్చి నాకు చూపించింది. తొమ్మిదో తరగతి గది కిటికీ కింద, వేపచెట్టు మొదట్లో ఊడ్చిన ఆ ఆకుల మధ్య నీలం రంగు మాత్రలు కనిపించాయి. ఏరి లెక్కపెడితే ముప్పై ఒకటి ఉన్నాయి. అవి రక్తహీనత రాకుండా వారానికొకటి చొప్పున మేమే పిల్లలకు పంచుతున్న ఐరన్ మాత్రలు. ప్రతి వారం నా చేత్తో ఇచ్చి, రిజిస్టరులో టిక్కు పెట్టి, అందరూ మింగారనే నమ్మకంతో సంతకం చేసింది నేనే.

ఆ రోజు ఎవరినీ మందలించలేదు. ఆడపిల్లలను మాత్రం కూర్చోబెట్టి, ఎందుకు పారేస్తున్నారని అడిగాను. చాలాసేపు ఎవరూ నోరు విప్పలేదు. తర్వాత ఒక్కొక్కరుగా చెప్పడం మొదలుపెట్టారు. ఒక అమ్మాయి పొద్దున ఏమీ తినకుండా వచ్చి మాత్ర వేసుకుని వాంతి చేసుకుందట. మరొక అమ్మాయికి మర్నాడు విరేచనం నల్లగా అయితే లోపల ఏదో పుండు పడిందని భయపడిందట. వీటన్నిటికీ మించి, ఈ మాత్రలు మింగితే పెళ్లయ్యాక పిల్లలు పుట్టరని ఎవరో అన్నారట. ఆ మాట తరగతి గది నుంచి ఇళ్లకు వెళ్లి, ఇంట్లో అమ్మమ్మల చేత కూడా నిజమనిపించుకుని తిరిగి బడికి వచ్చింది.

ఈ మూడు భయాలకూ పది నిమిషాల్లో సమాధానం చెప్పవచ్చు. మాత్రను అన్నం తిన్న తర్వాతే వేసుకోవాలి. మలం నల్లగా రావడం ఇనుము వల్లే, దానివల్ల ప్రమాదం లేదు. పిల్లలు పుట్టకపోవడానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు సరికదా, రక్తం బాగుంటే రేపు కాన్పు సమయంలో తల్లికి అదే రక్ష. మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదనీ, భోజనంలో నిమ్మకాయో ఉసిరికాయో ఉంటే బాగా పడుతుందనీ కూడా చెప్పాను. తర్వాతి వారం చాలామంది మంచినీళ్ల సీసాలు తెచ్చుకుని నా ముందే మింగారు. ఇద్దరు ముగ్గురు ఇంకా బిక్కమొహం వేసుకునే నిలబడ్డారు. వాళ్ల తల్లులతో కూడా మాట్లాడవలసి ఉంది.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో వందకు 59 మందికి రక్తహీనత ఉంది. అదే వయసు మగపిల్లల్లో కూడా వందకు 31 మందికి ఉంది. ఈ సంఖ్యలు పత్రికల్లో వచ్చిన ప్రతిసారీ మాత్రలు అందడం లేదని చర్చ జరుగుతుంది. మా బడిలో మాత్రలు అందాయి, కోడిగుడ్డు, చిక్కీ కూడా అందాయి. అందనిది ఒక్కటే: ఈ మాత్ర దేనికో, దాన్ని వేసుకుంటే ఒంట్లో ఏం జరుగుతుందో పిల్లలకు నెమ్మదిగా చెప్పే మనిషి.

నిజానికి ఆ ఏర్పాటు కాగితం మీద ఉంది. 2020 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ఆయుష్మాన్ భారత్ కింద పాఠశాల ఆరోగ్య కార్యక్రమాన్ని ప్రారంభించింది. దాని ప్రకారం ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులకు, వీలైతే ఒకరు మహిళ, ఒకరు పురుషుడు ఉండేలా, శిక్షణ ఇచ్చి, వారానికొక గంట ఎదుగుదల, పోషణ, మానసిక ఆరోగ్యం, మత్తు పదార్థాలు, రోడ్డు భద్రత, ఇంటర్నెట్ వాడకం వంటి విషయాలు పిల్లలతో మాట్లాడించాలి. అంతకు ఆరేళ్ల ముందే, 2014లో, 10 నుంచి 19 ఏళ్ల పిల్లల కోసం రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం కూడా వచ్చింది. ఆలోచన మంచిది, రాసినవారికి పిల్లలు తెలుసు. కానీ నేను చూసినంతలో ఆ వారపు గంట ముందు స్లిప్ టెస్టుకు పోతుంది, డిసెంబరు దాటాక పదో తరగతి ప్రత్యేక తరగతులకు పోతుంది, మిగిలితే లెక్కల సిలబస్‌కు పోతుంది. ఇందుకు తోటి ఉపాధ్యాయులను తప్పు పట్టలేను. ఫలితాల శాతం గురించి పైనుంచి అడిగేవారు ఉన్నారు గానీ, ఆ గంట జరిగిందా అని ఇంతవరకు ఎవరూ నన్ను అడగలేదు.

వేపచెట్టు సంగతి తర్వాత నేను తరగతి గది మూలలో ఒక ఖాళీ బిస్కట్ డబ్బా పెట్టి, మూతకు చీలిక కోసి, ఏ సందేహమైనా పేరు లేకుండా రాసి వేయమన్నాను. నెల తిరిగేసరికి డబ్బా నిండింది. "రెండు నెలలుగా నెలసరి రాలేదు, ఇది జబ్బా?" అని ఒకరు రాశారు. "నిద్ర రాకుండా చదవడానికి మాత్ర ఏదైనా ఉందా?" అని మరొకరు. "వక్కపొడి పొట్లంలో పొగాకు ఉండదు కదా, దానివల్ల ఏమవుతుంది?" అన్న ప్రశ్న నాలుగు చీటీల్లో వచ్చింది. ఆ నాలుగూ మగపిల్లల దస్తూరీలే అనిపించింది.

ఆ చివరి ప్రశ్న గురించి కొంచెం వివరంగా రాయాలి. పిల్లలు సిగరెట్టుతో మొదలుపెడతారని పెద్దలం అనుకుంటాం. మా ఊళ్లో నేను చూసిన మొదటి మెట్టు తీపి వక్కపొడి పొట్లం. చవక, తీయగా ఉంటుంది, కంపు రాదు, ఇంట్లో ఎవరూ అడగరు. పొగాకు కలవకపోయినా వక్క ఒక్కటే చాలు నోటి లోపలి పొరను గట్టిపరచడానికి. కారం తింటే మంట పుడుతుంది, బుగ్గలు బిగుసుకుంటాయి, నోరు తెరుచుకోవడం క్రమంగా తగ్గిపోతుంది. అలా బిగిసిన నోట్లో కొందరికి ముందుముందు క్యాన్సర్ కూడా రావచ్చు. తరగతిలో అందరినీ మూడు వేళ్లు నిలువుగా కలిపి నోట్లో పెట్టుకోమన్నాను. అందరూ నవ్వుతూ పెట్టుకున్నారు. వెనుక బెంచీలో ఒక అబ్బాయికి రెండు వేళ్లే పట్టాయి. వాడు నవ్వడం మానేసి వేళ్ల వంక చూసుకున్నాడు. అంతవరకు వాడి అలవాటు గురించి నాకు గానీ, వాళ్ల నాన్నకు గానీ తెలియదు. దంత వైద్యుడి దగ్గరికి పంపించాం, ఇప్పుడు వక్కపొడి మానేశాడు, నోటికి వ్యాయామం చేస్తున్నాడు.

బడి గేటుకు నలభై అడుగుల దూరంలో ఆ పొట్లాల పక్కనే గుట్కా, సిగరెట్లు కూడా దొరుకుతాయి. విద్యాసంస్థకు వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదనీ, పద్దెనిమిదేళ్లు నిండనివారికి అసలు అమ్మకూడదనీ 2003 నుంచే చట్టం ఉంది. 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 77వ సెక్షన్ ప్రకారం, వైద్యుడు చెబితే తప్ప, పిల్లలకు పొగాకో మద్యమో ఇచ్చినవారికి ఏడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. దుకాణదారుడికి ఈ సంగతి చెబితే నిజంగానే తెలియదన్నాడు. బండి విషయమూ అంతే. తొమ్మిదో తరగతి కుర్రాడికి తాళం ఇచ్చి పంపే తండ్రికి, బిడ్డ ఆ బండి నడిపి మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం చేస్తే, ఆ చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత తనకే మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా ఉందనీ, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుందనీ, ఆ పిల్లవాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదనీ చెప్పినవారు లేరు.

నిద్ర రాకుండా ఉండే మాత్ర గురించి అడిగిన చీటీకి నా జవాబు చిన్నది. ఈ వయసువారికి రోజుకు ఎనిమిది గంటలకు తక్కువ కాకుండా నిద్ర కావాలి, చదివింది మెదడులో నిలబడేది ఆ నిద్రలోనే.

ఒక చీటీ మాత్రం నన్ను రాత్రంతా పడుకోనివ్వలేదు. "తప్పితే నాన్న మొహం ఎలా చూడాలి?" అని ఒకే వాక్యం ఉంది. దస్తూరీ పోల్చుకోలేకపోయాను. అందుకని మర్నాడు తరగతి మొత్తానికీ చెప్పాను, పరీక్ష తప్పితే సప్లిమెంటరీ ఉంటుందని, మనసు బరువెక్కితే నా దగ్గరికి రావచ్చని, నాతో చెప్పలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చని, అక్కడ తెలుగులోనే మాట్లాడతారని. ఆ నంబరును నల్లబల్ల మీద చెరగకుండా రాయించాను. 2022లో మన దేశంలో 13 వేలమందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. రాసిన బిడ్డ ఎవరో నాకు ఈ రోజుకీ తెలియదు. తరగతిలో అందరూ హాజరు పలుకుతున్నారా అని రోజూ చూసుకుంటున్నాను.

మీ పత్రిక ద్వారా విద్యాశాఖ అధికారులను, ప్రధానోపాధ్యాయులను నేను కోరేది ఒక్కటే. జూన్‌లో బడులు తెరిచి టైమ్‌టేబుల్ గీసేటప్పుడు ఆరోగ్యం పీరియడ్‌ను మధ్యాహ్న భోజనం తర్వాత గడిలో సిరాతో రాయించండి, దాన్ని మరో సబ్జెక్టుకు మార్చే అధికారం ఎవరికీ ఇవ్వకండి. నెలకొకసారైనా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి నర్సమ్మ (ఏఎన్‌ఎం) ఆ పీరియడ్‌కు వచ్చి కూర్చునేలా వైద్య, ఆరోగ్యశాఖతో మాట్లాడండి, ఎందుకంటే నెలసరి గురించి అడగడానికి నా ముందు కూడా సిగ్గుపడే పిల్లలు ఆమెను అడుగుతున్నారు. తనిఖీకి వచ్చినప్పుడు మార్కుల రిజిస్టరుతో పాటు ఈ పీరియడ్ ఎన్ని వారాలు జరిగిందో కూడా చూడండి.

మా డబ్బాలో జవాబు చెప్పని చీటీలు ఇంకా ఇరవై మూడు ఉన్నాయి. వాటిని విప్పి మాట్లాడటానికి నాకు ఆ గంట కావాలి.

భవదీయురాలు,
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయిని,
ప్రకాశం జిల్లా