రమణకి, రాళ్ళ కబుర్లు

ఒరేయ్ రమణా,

"బేతంచెర్లలో పుట్టినోడివి, బండలు చూడ్డానికి చేతి డబ్బులు పెట్టుకుని పోయినావా?" అని ఫోన్‌లో ఒకటే నవ్వావు. పోయినానురా. నాపరాళ్ళ గని నడిపే నీకు కాకపోతే ఇంకెవరికి చెప్పుకోవాలి ఈ సంగతి? అందుకే తీరిగ్గా రాస్తున్నా.

అమెరికాలోని ఫీనిక్స్ నుంచి గ్రాండ్ కేనియన్ అనే మహా లోయకి, అక్కడి నుంచి యూటా రాష్ట్రంలోని జయాన్, బ్రైస్, క్యాపిటల్ రీఫ్ పార్కులు, చివర మోయాబ్ ఊరి దగ్గరి ఆర్చెస్, కేనియన్‌ల్యాండ్స్ పార్కులు. కారు నిండా డేరా, స్లీపింగ్ బ్యాగులు, గ్యాస్ స్టవ్వు, కుక్కరు, మధ్యలో ఇరుక్కుని పిల్లలు. హోటల్ తీసుకుందామని మా ఆవిడ చివరి దాకా పోరింది. నేను ఒప్పుకోలేదు. లాస్ వెగాస్ నుంచి బస్సులో వచ్చి, కటకటాలు పట్టుకుని ఫొటో దిగి పోయేవాళ్ళు ఆ లోయని చూసేది మిట్టమధ్యాహ్నం. అప్పుడు అది పాలిపోయి, చప్పగా ఉంటుంది. ఏ పొరకాపొర విడిగా తెలిసేది పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండలోనే. ఆ రెండు పూటలా చూడాలంటే అక్కడే పడుకోవాలి.

ఇక పొరల లెక్క. గ్రాండ్ కేనియన్ అంచున నిలబడితే మన కాళ్ళ కింద ఉండేది కైబాబ్ సున్నపురాయి. దాని వయసు దాదాపు 27 కోట్ల ఏళ్ళు. కింద నది ఒరుసుకుంటున్న రాయికేమో 170 కోట్లకు పైనే. అంచు మీద ఉన్న ఆ కైబాబ్ పొరే, ఉత్తరంగా జయాన్‌కి పోయేసరికి అట్టడుగున ఉంటుంది. జయాన్‌లో పైనున్న పొర బ్రైస్‌లో కిందికి పోతుంది. దీన్ని గ్రాండ్ స్టెయిర్‌కేస్ అంటారు. ఈ మూడింటిలో ఒకదాన్నుంచి ఇంకోదానికి పోయినప్పుడల్లా ఒక మెట్టెక్కి, తక్కువ వయసు రాయి మీదికి వస్తామన్నమాట. ఇది తెలిశాక నాకు డ్రైవింగే విసుగనిపించలేదు.

ఆ అడుగు రాయి పేరేంటో తెలుసా? విష్ణు షిస్ట్! షిస్ట్ అంటే పొరలుగా చీలే ఒక రకం రాయి. లోయలో విష్ణు టెంపుల్, బ్రహ్మ టెంపుల్, శివ టెంపుల్ అని శిఖరాలు కూడా ఉన్నాయి. 1880లలో క్లారెన్స్ డటన్ అనే భూగర్భ శాస్త్రవేత్త మొదలుపెట్టిన వరస అది. మా ఆవిడ పొద్దున్నే విష్ణు టెంపుల్ వైపు తిరిగి దండం పెట్టుకుంది. పక్కనున్న జర్మన్ దంపతులు ఏమనుకున్నారో మరి.

దారిలో ఒక తమాషా. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఎండాకాలం గడియారం ఒక గంట ముందుకు జరుపుతారు, ఆరిజోనాలో జరపరు. కానీ ఆ రాష్ట్రం లోపలే ఉన్న నవాహో తెగవాళ్ళ ప్రాంతంలో మాత్రం జరుపుతారు. దాంతో ఫోన్‌లో టైము ముందుకీ వెనక్కీ గెంతుతుంటే, లంచ్ టైము ఎప్పుడైందో తేల్చుకోలేక పిల్లలు రెండుసార్లు తిన్నారు.

జయాన్ గోడలు ఒకప్పటి ఇసుక దిబ్బలు. గాలి ఏ వాలున ఇసుక పేర్చిందో ఆ గీతలు రాతిలో ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ నదిలోనే నడుచుకుంటూ పోయే దారి ఉంది, నారోస్ అంటారు. మేం పోయిన రోజు వరద హెచ్చరిక ఇచ్చి మూసేశారు. మా నెత్తిన ఎండ మండుతోంది! కానీ ఎక్కడో ఎగువన వాన పడితే ఆ ఇరుకు సందులో నీళ్ళు గోడలా వస్తాయట. పార్కు చూసుకునే రేంజరు చెప్పాక మా పెద్దోడు కూడా నోరు మూసుకున్నాడు.

నీకు నచ్చేది మాత్రం బ్రైస్. నువ్వు సమ్మెట, ఉలి పెట్టి చీల్చే పని అక్కడ మంచు చేస్తుంది. పగలు కరిగిన నీరు బీటల్లోకి దిగుతుంది, రాత్రి గడ్డకట్టి ఉబ్బుతుంది, రాయి విచ్చుకుంటుంది. అలా మిగిలిన వేల స్తంభాలని హూడూలంటారు. కయోటీ (నక్కలాంటి జంతువు) దేవుడు శపించి రాళ్ళుగా మార్చిన మనుషులని అక్కడి పైయూట్ తెగవాళ్ళ కథ. నాకు ఆ కథే ఎక్కువ నమ్మబుద్ధయింది, ఆ గుంపులు అలా ఉంటాయి మరి. ఎనిమిది వేల అడుగుల ఎత్తు కదా, నీళ్ళు 92 డిగ్రీలకే మరుగుతాయి. గిన్నెలో అన్నం ఎంతసేపటికీ పలుకే. మన కుక్కరు పెట్టా. మొదటి విజిల్‌కి పక్క డేరా ఆయన టార్చిలైటు పట్టుకుని బయటికి ఉరికొచ్చాడు! తర్వాత ఆవకాయన్నం తిని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడులే. చలికి మాత్రం స్లీపింగ్ బ్యాగుల్లోంచి ఎవరమూ తల బయటపెట్టలేదు.

అక్కడి నుంచి 12వ నంబరు హైవే. బౌల్డర్ ఊరి దగ్గర రోడ్డుకి రెండు వైపులా లోయే. కింద చూడకుండా నడిపాను. ఆ తర్వాతి క్యాపిటల్ రీఫ్‌కి జనం తక్కువ. నన్నడిగితే అన్నిటికంటే అదే మేలు. ఎర్ర కొండల మధ్య ఫ్రూటా అనే చోట, ఎప్పుడూ పది కుటుంబాలకు మించని మోర్మన్లు (ఒక క్రైస్తవ శాఖవాళ్ళు) వేసిన పళ్ళతోటలు ఇంకా కాస్తున్నాయి. కాపు కోసుకోనిచ్చే రోజుల్లో తోటలో ఎన్ని తిన్నా ఊరికే, ఇంటికి పట్టుకుపోతేనే డబ్బులు. ఆ చెట్ల పక్కనే డేరాలు. పిల్లలు కదలనన్నారు.

ఆర్చెస్‌లో రెండు వేలకు పైగా రాతి తోరణాలున్నాయి, ప్రతిదాని కిందా సెల్ఫీ క్యూ. కేనియన్‌ల్యాండ్స్‌లో మా క్యాంపులో చుక్క నీళ్ళు దొరకవు, మోయాబ్‌లో క్యాన్లు నింపుకునే పోయాం.

వచ్చే సెప్టెంబరు చివర్లో మళ్ళీ వెళ్దామని ఉంది. ఈసారి నువ్వూ, చెల్లెమ్మా రావాలి. మంచి క్యాంపు చోట్లు ఆరు నెలల ముందే అయిపోతాయి, నేను మార్చిలోనే బుక్ చేయాలి. వీసా సంగతి ఇప్పుడే మొదలుపెట్టు. పాస్‌పోర్టు గడువు ఎప్పటిదాకా ఉందో చూసి మెసేజ్ పెట్టు.

నీ,
శీను