కార్యదర్శి వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ప్రాచీన నాగరికతల్లో రాజ్యం, సంస్కృతి అనే అంశం ఈ ఏడాదికి మీరే తీర్మానించారు. నెలకో ప్రసంగం అనుకున్నాం, ఏడు జరిగాయి. బాబిలోన్ రాజు హమ్మురాబి శాసనం, ఈజిప్టు రాజు రెండో రామ్సెస్ హిట్టైట్లతో చేసుకున్న సంధి బాగానే నడిచాయి. ఏథెన్స్ బహిష్కార ఓటు మాత్రం రక్తి కట్టింది. కుండ పెంకు మీద పేరు గీకి వేస్తారు. చాలినన్ని పెంకులు పడి, వాటిలో ఎవరి పేరు ఎక్కువగా ఉంటే వారు పదేళ్లు నగరం వదలాలి. ఆస్తి జోలికి మాత్రం పోరు. ఆ సాయంత్రం హాల్లో ఉన్నది పదకొండు మందిమి. రాని కార్యవర్గ సభ్యుల కోసం పెంకులు ఏరుకొస్తానన్న పెద్దాయన పేరు ఇక్కడ రాయను.

ఇక నాగార్జునకొండ యాత్ర. ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఇప్పుడు నాగార్జునసాగర్ నీటి అడుగున ఉంది. 1954-60 తవ్వకాల తర్వాత ముఖ్య కట్టడాలను కొండ మీదా, దగ్గర్లోని అనుపులోనూ తిరిగి నిలబెట్టారు. అనుపు ఇటుక మెట్ల మీద కూర్చునే పులిహోర పొట్లాలు విప్పాం. అక్కడే బోధిసిరి శాసన పాఠం జిరాక్సులు పంచి, ప్రాకృతాన్ని కూడబలుక్కుంటూ చదివాం. ఆమె రాణి కాదు, ఒక ఉపాసిక, అంటే సన్యసించని బౌద్ధ భక్తురాలు. సింహళ థేరులకు, అంటే పెద్ద భిక్షువులకు, చైత్యగృహం అనే పూజామందిరం కట్టించింది. వాళ్లు ధర్మం చెప్పిన దేశాల వరసలో కాశ్మీరం, గాంధారం, చీన, యవన, వంగ, దమిళ ఉన్నాయి. కృష్ణ ఒడ్డున ఒక రాతి మీద ఇంత లోకం! ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి తండ్రి చాంతమూలుడు అశ్వమేధం చేస్తే, ఆ చాంతమూలుడి తోబుట్టువు చాంతిసిరి బౌద్ధ మహాచైత్యానికి (పెద్ద స్తూపానికి) దానాలిచ్చింది. ఇంట్లో రెండు మతాలూ నడిచాయి. వీరపురుషదత్తుడు మేనత్త కూతుళ్లను చేసుకున్నాడనగానే, "మన మేనరికం అప్పటిదేనన్నమాట" అని ఆడవాళ్లంతా నవ్వారు.

ముఖ్య అతిథిగా వస్తానన్న అధికారి రాలేదు, ఫోన్ కూడా ఎత్తలేదు. ఆయన కోసం తెచ్చిన శాలువా బీరువాలో భద్రంగా ఉంది. ఏర్పాట్లకు పేర్లిచ్చిన తొమ్మిది మందిలో తెల్లవారుజామున బస్సు దగ్గర కనిపించింది ఇద్దరు. పులిహోర కలిపిన అక్కయ్యలకు, మైకు ఉచితంగా ఇచ్చిన తమ్ముడికి, దారంతా విసుక్కోని డ్రైవరు గారికి, హాలు తాళాలిచ్చిన గ్రంథాలయ సిబ్బందికి కృతజ్ఞతలు.

జమాఖర్చుల పట్టీ కోశాధికారి జతపరిచారు, చూసుకోగలరు. లోటు స్వల్పమే. చందా బకాయిలు వస్తే అదీ ఉండదు.

వచ్చే ఏడాది యాత్రకు శ్రీకాకుళం జిల్లాలోని బౌద్ధ క్షేత్రం శాలిహుండం అనుకుంటున్నాం. ఈసారి బస్సు సీటు డబ్బులు ముందే కట్టించుకుంటాం.

ఇట్లు,
కార్యదర్శి