గుండెపోటును గ్యాస్ అనుకుంటున్నాం

సంపాదకుల వారికి నమస్కారములు.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల పడమటి మండలాల్లో రాత్రివేళ ఎవరికైనా గుండెల్లో నొప్పి వస్తే, ఇంట్లో వాళ్ల నోట మొదట వచ్చేది "గ్యాస్ పట్టినట్టుంది" అన్న మాటే. వాము నీళ్లో, గోళీసోడానో తాగిస్తారు. తగ్గకపోతే వీధిలోని ఆర్‌ఎంపీని పిలిచి గ్యాస్ ఇంజెక్షన్ వేయిస్తారు. బనియను చెమటతో తడిసి ముద్దయి, మనిషి కూర్చోలేక పడుకోలేక అల్లాడుతున్నా "తెల్లారనీ, నెల్లూరు పోదాం" అంటారు.

ఈ పొరపాటుకు కారణం లేకపోలేదు. గుండె అడుగు భాగానికి రక్తం అందనప్పుడు నొప్పి పైకడుపులో తెలియవచ్చు, వాంతులూ కావచ్చు. షుగరు ఉన్నవారిలో, ఆడవారిలో, వృద్ధుల్లో ఒక్కోసారి ఛాతీ నొప్పే ఉండదు. ఆయాసం, నీరసం, దవడలోనో వీపులోనో నొప్పి, అంతే. కనుక అది గ్యాసో గుండెపోటో ఇంట్లో తేలేది కాదు, ఈసీజీ తీయాల్సిందే. మొదటి ఈసీజీ బాగానే ఉన్నా, నొప్పి తగ్గకపోతే మళ్లీ తీయాలి.

గుండె రక్తనాళంలో అడ్డుపడి గుండెపోటు తెచ్చే రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మొదటి గంటలో చేసే మేలు ఆ తరువాత చేయదు; 12 గంటలు దాటితే దాదాపు నిష్ప్రయోజనం. ఉదయగిరి నుంచి నెల్లూరు సుమారు వంద కిలోమీటర్లు. ఇలాంటి దూరాల కోసమే 2023లో రాష్ట్రంలో స్టెమీ (గుండె రక్తనాళం మూసుకుపోయి వచ్చే తీవ్ర గుండెపోటు) కార్యక్రమం మొదలైంది. దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో తీసిన ఈసీజీని పెద్దాసుపత్రిలోని గుండె వైద్యులు చూసి చెబితే, గడ్డను కరిగించే, బయట వేలకు వేలు ఖరీదు చేసే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్‌ను అక్కడే ఉచితంగా ఇస్తారు. ఎంతో మంచి ఏర్పాటు ఇది, కానీ మా పల్లెల్లో దీని పేరు విన్నవారే అరుదు. 2022 ఫిబ్రవరిలో ఆత్మకూరు శాసనసభ్యులు, మంత్రి మేకపాటి గౌతంరెడ్డి గారు యాభై ఏళ్లకే గుండెపోటుతో కన్నుమూసినప్పుడు జిల్లా అంతా గుండె గురించే మాట్లాడుకుంది. కొద్ది రోజులకే ఆ మాటలు సద్దుమణిగాయి.

రాత్రిపూట ఈసీజీ ఎక్కడ తీస్తారో, ఆ ఇంజెక్షన్ ఏ ఆసుపత్రిలో ఉందో ప్రతి సచివాలయం గోడమీద పెద్ద అక్షరాలతో రాయించాలని జిల్లా వైద్యాధికారులను కోరుతున్నాను. ఆశా కార్యకర్తలతో పాటు ఆర్‌ఎంపీలకూ గుండెపోటు లక్షణాలు నేర్పాలి. ఆర్‌ఎంపీలకు గుర్తింపు ఉండాలా వద్దా అన్నది వేరే వాదన. అర్ధరాత్రి జనం పిలిచేది వారినే. అలాంటి రోగిని చూడగానే గ్యాస్ ఇంజెక్షన్ జోలికి పోకుండా, బైకు మీద ఎక్కించకుండా, 108కి ఫోన్ చేయించడం వారి మొదటి పని కావాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఉదయగిరి, నెల్లూరు జిల్లా.