మూడు ముక్కలైన మూతరాయి

చిరంజీవి పద్మకు,

నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

దక్షిణ కొరియాలోని గ్యొంగ్జు వెళ్లి తోహాం కొండ మీది సొక్కురామ్ బౌద్ధ గుహాలయం చూశావనీ, అద్దం అడ్డుగా ఉండటంతో బుద్ధుణ్ణి ఎదురుగా నిలబడి మాత్రమే చూడగలిగావనీ వ్రాశావు. ఉలి పట్టినవాడిగా ఆ రాతిపనిని గురించి నీకు కొంత చెప్పాలని ఉంది.

అది అజంతాలాగా కొండను తొలిచిన గుహ కాదమ్మా. అక్కడి పాతకాలపు సిల్లా రాజ్యపు శిల్పులు గ్రానైట్ రాళ్లను విడివిడిగా చెక్కి, గుమ్మటంగా పేర్చి, పైన మట్టి కప్పి గుహనే కట్టారు. 751లో ఆ రాజ్యపు మంత్రి కిమ్ దేసొంగ్ మొదలుపెట్టిన ఆ పని, ఆయన కాలం చేశాక, 774 నాటికి పూర్తయిందంటారు. మన అమరావతి శిల్పులకు దొరికిన పలనాటి సున్నపురాయి మెత్తనిది, ఉలి చెప్పినట్టు వింటుంది. గ్రానైట్ వినదు, ఒక్క దెబ్బ ఎక్కువైతే పెచ్చు లేచిపోతుంది. అటువంటి రాతిలో, బుద్ధుడి వెనుక గోడ మీద, పదకొండు తలల అవలోకితేశ్వర బోధిసత్త్వుడి ఒంటిమీద హారాలు, పల్చని వస్త్రపు మడతలు జారుతున్నట్టుగా తీశారు. బుద్ధుడి తలవెనుక కాంతివలయాన్ని విగ్రహానికి అతికించకుండా వెనుక గోడలో పొదిగారు. ఎదురుగా నిలబడి మొక్కేవాడికి అది సరిగ్గా తల చుట్టూ అమరుతుంది. ఆ చోటు ముందే లెక్కగట్టిన మనిషికి దండం పెట్టాలనిపిస్తుంది.

అన్నిటికంటే నా మనసు పట్టుకున్నది గుమ్మటం నడినెత్తిన ఉన్న మూతరాయి. దాన్ని చెక్కుతుండగా మూడు ముక్కలైందనీ, దేసొంగ్ కుమిలిపోయి నిద్రలోకి జారుకోగా ఆ రాత్రి దేవతలు దిగివచ్చి దాన్ని అమర్చి వెళ్లారనీ 13వ శతాబ్దపు కొరియా గాథల గ్రంథం సమ్‌గుక్ యూసా చెబుతుంది. ఆ పగుళ్లు నేటికీ కనిపిస్తాయి. నీ చిన్నప్పుడు, నలభై రోజులు చెక్కిన అమ్మవారి విగ్రహంలో దాగిన నర ఒకటి బయటపడి చెంప మీదుగా బీటిచ్చిన నాడు, మీ అమ్మ ఎన్నిసార్లు పిలిచినా నేను అన్నానికి లేవలేదు. భిన్నమైన విగ్రహం పూజకు పనికిరాదు గనుక ఆ రాయిని పక్కన పెట్టేశాను. వాళ్లు మాత్రం ఆ ముక్కలనే ఎత్తి నిలబెట్టారు. చుట్టూ ఉన్న రాళ్ల ఒత్తిడే వాటిని పట్టి ఉంచుతుందన్న నమ్మకం లేనిదే ఏ మేస్త్రీ అంత సాహసం చేయడు.

మరమ్మతులలో మిగిలిపోయిన పాత రాళ్లు కొన్ని గుహకు వెలుపల ఆవరణలో పరిచి ఉంటాయి. వాటికి అద్దం అడ్డు లేదు. మళ్లీ వెళ్లినప్పుడు ఉలిగాట్లు కనిపించేలా దగ్గరగా ఒక ఫోటో తీసి పంపు.

ఆశీస్సులతో,
మీ నాన్న