యుద్ధ దృశ్యాల విడుదలపై బహిరంగ లేఖ

రక్షణ శాఖ అధికార ప్రతినిధి గారికి,

దాడి వీడియో విడుదల చేసినప్పుడు కత్తిరించని మూల ఫైలును కూడా భద్రపరచండి. కెమెరా నుంచి దించగానే ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైలు నుంచి లెక్కగట్టే, దాని వేలిముద్ర లాంటి సంకేతం) తీసి నమోదు చేయించండి. తర్వాత ఒక్క బిట్ మారినా ఆ విలువ మారిపోతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో కుదించుకుపోతుంది, తీసిన సమయం, స్థలం వివరాలు చెరిగిపోతాయి. అప్పుడిక నీడల పొడవు, కొండల అంచులు ఉపగ్రహ చిత్రాలతో పోల్చుకుంటూ చోటు వెతకాలి. పది సెకన్ల మసక ముక్కలో అవేవీ దొరకవు. ఆర్మా 3 అనే యుద్ధ వీడియో గేమ్ దృశ్యాలు నిజం యుద్ధంగా చెలామణీ అయింది అలాంటి ముక్కలతోనే.

ఇక బందీల ముఖాలు. 1949 మూడో జెనీవా ఒప్పందం 13వ అధికరణ యుద్ధ ఖైదీలను జనం కుతూహలానికి వదలకూడదంటుంది. ముఖం మసకబారిస్తే చాలదు; గొంతు, పేరుపట్టీ, పచ్చబొట్టు కూడా మనిషిని పట్టిస్తాయి. బందీలను పట్టించే వీడియోలు ఇప్పటికే పెట్టి ఉంటే వెంటనే తీసేయండి, మూల ప్రతిని మాత్రం విచారణ కోసం దాచండి.

ఇట్లు,
దృశ్య పరిశీలకులు