టైపిస్టు వేగాన్ని తగ్గించడానికి పుట్టిన అమరిక కాదు

సంపాదకుల వారికి నమస్కారాలు.

మీ పత్రిక విద్యార్థుల పేజీలో ఇటీవల టైపు మిషను గురించి నాలుగు వాక్యాల చిన్న అంశం వచ్చింది. కీబోర్డు మీద అక్షరాలు ఏబీసీడీ వరుసలో కాక క్వర్టీ క్రమంలో (పై వరుసలో మొదట క్యూ, డబ్ల్యూ, ఇ, ఆర్, టి, వై వచ్చే అమరికలో) ఉండడానికి కారణం, టైపిస్టులు మరీ వేగంగా కొట్టకుండా కావాలనే అడ్డుకట్ట వేయడమని అందులో రాశారు. ముప్పై ఏళ్లకు పైగా టైపు నేర్పినవాణ్ణి కనుక, ఈ మాట ఎంతగా పాతుకుపోయిందో నాకు తెలుసు. మా ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ దీన్ని నాకే చెప్పేవారు. కానీ ఇది ఆ యంత్రాన్ని తయారుచేసిన మనిషికి అన్యాయం చేసే మాట. పైగా కీబోర్డును మెరుగుపరచడానికి తరవాత జరిగిన ప్రయత్నాలు ఎందుకు నెగ్గలేదో అర్థం కాకుండా చేసే మాట కూడా. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు మిల్వాకీ నగరంలో ముద్రాపకుడిగా, పత్రికా సంపాదకుడిగా పనిచేసిన క్రిస్టఫర్ లేథమ్ షోల్స్, కార్లోస్ గ్లిడెన్, శామ్యూల్ సూలే అనే మిత్రులతో కలిసి 1868 జూన్ 23న తన యంత్రానికి పేటెంటు పొందాడు. అప్పటి మీటలు పియానో మెట్లను పోలి ఉండేవి, అక్షరాలు దాదాపు ఏబీసీడీ వరుసలోనే ఉండేవి. అక్షరం పోతపోసిన లోహపు కడ్డీలు రోలరు కింద ఒక బుట్టలో గుండ్రంగా వేలాడుతూ ఉండేవి. మీట నొక్కితే దానికి కట్టిన కడ్డీ కింది నుంచి పైకి లేచి కాగితానికి అడుగున తగిలేది. అక్షరం పడిందో లేదో కొట్టేవారికి అప్పటికప్పుడు కనిపించేది కాదు, నాలుగైదు పంక్తులు ముందుకు జరిగాకగాని తప్పు బయటపడేది కాదు. ఇక బుట్టలో పక్కపక్కన ఉన్న రెండు కడ్డీలు వెంటవెంటనే లేస్తే, మొదటిది వెనక్కి దిగే లోపే రెండోది దానికి అడ్డం తగిలి రెండూ బిగుసుకుపోయేవి.

ఈ బిగుసుకుపోవడం ఎంత చికాకో మిషను మీద కూర్చున్నవారికే తెలుస్తుంది. షోల్స్ మిషనుకూ మా మిషన్లకూ ఎంతో తేడా ఉన్నా ఈ జబ్బు మాత్రం పూర్తిగా నయం కాలేదు. లోయర్ పరీక్షలో నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌లో 45 మాటలు కొట్టాలి. చేతికి వేగం వచ్చినా లయ ఇంకా కుదరని అమ్మాయి ఒకతె హయ్యర్ పరీక్షలో మూడో పంక్తిలో ఉండగా రెండు కడ్డీలు రిబ్బను దగ్గర కరుచుకున్నాయి. పక్కకు తిరిగి వేలితో రెంటినీ విడదీసింది, వేలికి సిరా అంటింది, ఆ వేలితోనే కాగితం సర్దింది, మచ్చ పడింది. అన్నిటికంటే నష్టం ఏమిటంటే లయ తప్పింది. మళ్లీ ఆ లయ అందుకునేసరికి పరీక్షలో ఒక నిమిషం పోయింది. వేగానికి అడ్డం వచ్చేది కడ్డీల రాపిడే అని ఆ నిమిషం చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. తరచుగా జంటగా వచ్చే అక్షరాల కడ్డీలను దూరదూరంగా పెట్టడానికి షోల్స్ చేసిన ప్రయత్నం ఆ అడ్డు తొలగించడానికే. ఆ పని వేగం పెంచడానికి చేసినదే తప్ప తగ్గించడానికి కాదు.

అయితే తరచుగా జంటగా వచ్చే అక్షరాలను దూరం చేయడమొక్కటే క్వర్టీకి మూలమనడం కూడా పూర్తి నిజం కాదు. ఇంగ్లీషులో విరివిగా వచ్చే జంటల్లో ఒకటైన ఇ, ఆర్ అక్షరాలు ఆ కీబోర్డు మీద పక్కపక్కనే ఉన్నాయి కదా. 1870ల తొలినాళ్ల నమూనాల్లో ఆర్ స్థానంలో చుక్క ఉండేది, తరవాత ఆర్ అక్కడికి వచ్చి చేరింది. క్యోటో విశ్వవిద్యాలయానికి చెందిన కోయిచి యసుయోకా, మోతోకో యసుయోకా 2011లో ప్రచురించిన పరిశోధనలో, తొలి మిషన్లు వాడిన టెలిగ్రాఫ్ ఆపరేటర్ల అవసరాలు ఈ అమరికపై ప్రభావం చూపాయని వాదించారు. అమెరికన్ మోర్స్ సంకేతాల్లో జడ్ అక్షరం ఎస్, ఇ అనే జంటలా వినిపించేది, అందుకని వినేవాడికి ఈ మూడూ దగ్గరగా కావలసి వచ్చిందన్నది వారి వాదనలో ఒక అంశం. మరోపక్క మధ్య వరుసలో డి, ఎఫ్, జి, హెచ్, జె, కె, ఎల్ అని ఇప్పటికీ వరసగా కనిపించేది పాత ఏబీసీడీ అమరిక ఆనవాలే. అంటే ఈ అమరికను ఎవరూ ఒక్కనాడు కూర్చుని గీయలేదు. ఏళ్ల తరబడి సర్దుబాట్లు చేస్తూ పోగా మిగిలింది ఇది. షోల్స్ కూడా దీన్ని తుది రూపంగా భావించలేదు. 1890లో కన్నుమూసే దాకా మార్పులు చేస్తూనే ఉన్నాడు. ఆయన మరణానంతరం 1896లో మంజూరైన పేటెంటులోని కీబోర్డు క్వర్టీ కానే కాదు. ఈ ఒక్క సంగతైనా విద్యార్థుల పేజీలో వేస్తే బాగుంటుందని నా మనవి.

తుపాకులు, కుట్టుమిషన్లు తయారుచేసే రెమింగ్టన్ సంస్థ 1874లో షోల్స్ మిషనును 125 డాలర్లకు మార్కెట్లోకి తెచ్చింది. అందులో పెద్ద అక్షరాలే ఉండేవి. చిన్న అక్షరాలు, షిఫ్ట్ మీట 1878లో వచ్చిన రెండో నంబరు మిషనుతో వచ్చాయి. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఈ అమరిక రూపుదిద్దుకుంటున్న రోజుల్లో పది వేళ్లతో టైపు చేయడమనే పద్ధతే లేదు. జనం రెండు, మూడు వేళ్లతో, మీటలు చూసుకుంటూ కొట్టేవారు. కనుక ఏ వేలికి ఎంత పని పడుతోంది, ఏ చేయి ఖాళీగా ఉంటోంది అన్న ప్రశ్న షోల్స్‌కు ఎదురు కానే లేదు. సిన్సినాటిలో ఎలిజబెత్ లాంగ్లీ పది వేళ్ల పద్ధతిలో పాఠాలు ప్రచురించింది 1882లో. అదే నగరంలో 1888 జూలై 25న జరిగిన పందెంలో, సాల్ట్ లేక్ సిటీ న్యాయస్థానపు స్టెనోగ్రాఫర్ ఫ్రాంక్ మెక్‌గరిన్ మీటల వైపు చూడకుండా రెమింగ్టన్ మీద కొట్టి, పెద్ద అక్షరాలకూ చిన్న అక్షరాలకూ వేర్వేరు మీటలున్న కాలిగ్రాఫ్ వాడిన లూయీ ట్రాబ్‌ను ఓడించాడు. గెలిచింది మెక్‌గరిన్ సాధన. కానీ పేరు మాత్రం ఆ మనిషి కొట్టిన మిషనుకు కూడా వచ్చింది. 1893లో రెమింగ్టన్, కాలిగ్రాఫ్ సహా పెద్ద తయారీదారులు యూనియన్ టైప్‌రైటర్ కంపెనీ కింద ఒక్కటయ్యాక క్వర్టీకి ఎదురు నిలిచేవారు దాదాపు లేకుండా పోయారు.

దాదాపు అనడానికి కారణం, అదే ఏడాది జార్జ్ బ్లికెన్స్‌డర్ఫర్ ముందుకు తెచ్చిన మిషను. దానిలో కడ్డీలే లేవు. అక్షరాలన్నీ ఒక చిన్న చక్రం మీద ఉండేవి. మీట నొక్కితే చక్రం తిరిగి కావలసిన అక్షరం కాగితానికి తగిలేది. కడ్డీలు లేనప్పుడు చిక్కుకోవడం లేదు, చిక్కుకోవడం లేనప్పుడు పాత అమరికతో పని లేదు. అందుకని ఇంగ్లీషులో అత్యధికంగా వచ్చే పది అక్షరాలను, అంటే డి, హెచ్, ఐ, ఎ, టి, ఇ, ఎన్, ఎస్, ఒ, ఆర్‌లను చేతికి అతి దగ్గరగా ఉండే కింది వరుసలో పెట్టి, దానికి 'సైంటిఫిక్' అమరిక అని పేరు పెట్టాడు. కానీ అప్పటికే క్వర్టీకి అలవాటుపడినవారు ఆ కొత్త మిషను కొంటూ కూడా పాత అమరికే కావాలన్నారు. అమ్ముకోవాలి కనుక ఆయన అలా కూడా చేసి ఇచ్చాడు.

నలభై ఏళ్ల తరవాత సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో విద్యా మనస్తత్వ శాస్త్రం బోధించే ఆగస్ట్ డ్వోరక్, బావమరిది విలియం డీలీతో కలిసి ఈ పనిని మరింత శాస్త్రీయంగా చేపట్టి 1936లో పేటెంటు పొందాడు. ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందన్నదే కాదు, ఏ అక్షరం తరవాత ఏది వస్తుంది, అప్పుడు వేళ్లు ఎలా కదులుతాయి అన్నది కూడా ఆయన లెక్కలోకి తీసుకున్నాడు. అచ్చులన్నీ ఎడమ చేతి మధ్య వరుసలో, విరివిగా వచ్చే హల్లులు కుడి చేతి మధ్య వరుసలో పెట్టాడు. ఒక చేయి కొడుతుంటే రెండోది తరవాతి అక్షరానికి సిద్ధమవుతుంది. క్వర్టీలో మధ్య వరుసకు దక్కే పని మొత్తంలో సుమారు మూడో వంతు, డ్వోరక్‌లో సుమారు 70 శాతం. నేను క్లాసులో ఉదాహరణకు 'మినిమమ్' అనే ఇంగ్లీషు మాట ఇచ్చేవాణ్ణి. క్వర్టీలో దాన్ని కొట్టడానికి కుడి చేతి చూపుడు వేలు, మధ్య వేలు మాత్రమే కింది వరుస నుంచి పై వరుసకు, పై నుంచి కిందికి గెంతుతూ ఏడు అక్షరాలనూ మోయాలి. ఎడమ చేయి మాత్రం ఊరికే చూస్తూ ఉంటుంది. మొదటి పాఠంగా ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె అని వందలసార్లు కొట్టించే మధ్య వరుసలో అచ్చు ఒక్కటంటే ఒక్కటే, అదీ ఎడమ చిటికెన వేలి కింద ఉంది.

డ్వోరక్ అమరిక అద్భుతాలు చేస్తుందని చెప్పడం నా ఉద్దేశం కాదు. 1944లో అమెరికా నౌకాదళం జరిపిన పరీక్షలో అది బాగా నెగ్గిందన్నారు, కానీ డ్వోరక్ స్వయంగా నౌకాదళంలో పనిచేసిన కాలమది. 1956లో ఎర్ల్ స్ట్రాంగ్ అనే పరిశోధకుడు అమెరికా ప్రభుత్వం కోసం జరిపిన పరీక్షలో పాత టైపిస్టులకు కొత్త అమరిక నేర్పితే, వారు తమ పాత వేగం అందుకోవడానికే వారాలు పట్టింది, ఆ తరవాత చెప్పుకోదగ్గ మేలూ కనబడలేదు. క్వర్టీ నిలబడడానికి చరిత్రలోని యాదృచ్ఛికతే కారణమని ఆర్థికవేత్త పాల్ డేవిడ్ 1985లో రాస్తే, డ్వోరక్ గొప్పదనానికే సరైన రుజువు లేదని లీబోవిట్జ్, మార్గోలిస్ అనే మరో ఇద్దరు ఆర్థికవేత్తలు 1990లో బదులు రాశారు. నా అనుభవంతో చెప్పగలిగింది ఒకటే. అలవాటైన వేళ్లకు అమరిక మార్చడం నాట్లు పడ్డాక పొలం గట్లు మార్చినట్టే. మార్చవలసింది ముందే, నేర్చుకునేవారు ఇంకా కూర్చోకముందే. 1874లో పది వేళ్ల పద్ధతి లేదు కనుక వేళ్ల పని లెక్కపెట్టడం షోల్స్‌కు సాధ్యం కాలేదు. లెక్కపెట్టగలిగిన డ్వోరక్ వచ్చేసరికి ఒక తరానికి మించి జనం నేర్చేసుకున్నారు.

ఇక్కడే మన తెలుగు సంగతి వస్తుంది. భారతీయ లిపులన్నిటికీ ఒకే అమరిక ఉండాలని 1980లలో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్‌లో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమ చేతికి, హల్లుల్లో ఎక్కువ భాగం కుడి చేతికి వస్తాయి. ఆలోచన మంచిది. 'అక్క' అని కొట్టి చూడండి, ఎడమ, కుడి, ఎడమ, కుడి అని చేతులు తాళం వేసినట్టు నడుస్తాయి. 'చెల్లి' కూడా అంతే, ఆరు దెబ్బలూ ఒకటి విడిచి ఒకటిగా రెండు చేతులకూ పడతాయి. కానీ మ, న, వ మాత్రం దిగువ వరుసలో ఎడమ చేతి వాటాలో ఉన్నాయి, ఒత్తు పెట్టడానికి ముందు కొట్టవలసిన పొల్లు కూడా ఎడమ మధ్య వేలి కిందే ఉంది. అందువల్ల 'అమ్మ' అని రాయాలంటే అ, మ, పొల్లు, మళ్లీ మ, ఈ నాలుగు దెబ్బలూ ఎడమ చేతి మధ్య వేలు ఒక్కటే కిందికీ పైకీ జరుగుతూ కొట్టాలి. 'నాన్న' రాస్తే అయిదు దెబ్బలూ ఎడమ చేతికే పడతాయి. ద్విత్వాలు ఇంత విరివిగా ఉన్న భాషలో ఇది చిన్న విషయం కాదు. అన్ని భాషలకూ ఒకటే చాలునన్న సౌకర్యం కోసం మన భాష వేళ్ల మీద మోపిన బరువు ఇది. డీటీపీ కేంద్రాల్లో చూస్తే ఒకరు మాడ్యులర్ అనే అమరిక, ఇంకొకరు ఆపిల్ అనే అమరిక, వేరొకరు ఇన్‌స్క్రిప్ట్ వాడతారు. ఒక చోట పని నేర్చుకున్న పిల్లవాడు మరో చోట మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవలసి వస్తుంది. ఫోన్లో అయితే ఎక్కువమంది ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాటలు కొడుతూ, తెలియకుండానే షోల్స్ కాలపు అమరికనే వాడుతున్నారు.

ఫోను మీద కీబోర్డు తెర మీది బొమ్మ, దాన్ని మార్చడానికి ఇనుప కడ్డీలు వంచనక్కరలేదు. నేడు తెలుగు టైపు నేర్చుకోవడం మొదలుపెట్టని పిల్లలు లక్షల్లో ఉన్నారు. కావలసిందల్లా డ్వోరక్ చేసినటువంటి లెక్క, తెలుగుకు. ఏ అక్షరం తరవాత ఏది ఎన్నిసార్లు వస్తుంది, ఏ ఒత్తు ఎంత తరచుగా వస్తుంది, ఏ గుణింతం అరుదు అన్న పట్టిక. దీనికి కావలసిన తెలుగు రాత మీ వంటి పత్రికల దగ్గర ఉన్నంత ఇంకెక్కడా ఉండదు. కనుక మీ కంప్యూటర్ విభాగం చేత ఒక్క నెల సంచికలలోని అక్షరాల జంటలను లెక్కపెట్టించి, ఆ పట్టికను ఆదివారం సంచికలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. దాన్ని వేళ్ల వారీగా విడదీసి, ఏ వేలికి ఎంత బరువు పడుతోందో చూపే పటం గీసి పంపే బాధ్యత నేను తీసుకుంటాను.

ఇట్లు,
టైపు నేర్పి విశ్రాంతి తీసుకున్న ఒక బోధకుడు,
తెనాలి